పుట్టింటికి పోయే ఇనుము

“పెయింట్ వేయించి రెండేళ్లు కూడా కాలేదండీ. మళ్లీ సరిగ్గా అదే చోట తుప్పు లేచింది. ఎందుకంటారు?”

పాత స్కూటరున్నవాళ్లు ఈ మాట అడుగుతారు. ఇంటి గేటు చూపించి అడుగుతారు. డాబా మీద నీళ్ల ట్యాంకు స్టాండు చూపించి అడుగుతారు. నన్ను ఈ ప్రశ్న వదలకుండా పట్టుకున్నది మాత్రం ఒక మెటాడోర్ వ్యాను దగ్గర.

మా తోడల్లుడు రిటైరైన ఏడాది భీమిలిలో ఒక పాత మెటాడోర్ కొన్నాడు. 1988 మోడల్. జర్మనీ టెంపో వాళ్ల డిజైనుతో బజాజ్ టెంపో కంపెనీ 1969లో మన దేశంలో మొదలుపెట్టిన బండి అది. పెళ్లివారినీ, బడిపిల్లల్నీ, కూరగాయల గంపల్నీ అన్నిటినీ మోసింది. సీట్లు తీసేసి, లోపల ఒక మంచం, చిన్న గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము బిగించుకుని, భార్యతో అరకు, లంబసింగి, చిలికా సరస్సు దాకా నిదానంగా తిరగాలని అతని కోరిక. కొత్త ఆలోచనేం కాదు. జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థ 1951 నుంచే ఫోక్స్‌వాగన్ వ్యాన్లలో మంచాలూ అల్మరాలూ బిగించి క్యాంపర్ వ్యాన్లుగా అమ్మింది. ఇల్లూ బండీ ఒకటే అయితే ఎక్కడ పొద్దుగూకితే అక్కడే మన ఊరు.

అమ్మినాయన దగ్గర ఆ బండి ఆరేళ్లు సముద్రానికి నాలుగైదు వందల గజాల దూరంలో, కొబ్బరితోటలో ఇటుకల మీద నిలబడి ఉంది. పైకి మాత్రం నిగనిగలాడుతోంది. రెండేళ్ల కిందటే పెయింట్ పడింది. అక్కడక్కడ చిన్న బొబ్బలు, అంతే. గాజువాక ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, పిడితో డోరు కింది అంచు మీద తట్టుకుంటూ వెళ్లాడు. టంగుటంగుమంటున్న రేకు ఒకచోట బద్దుమంది. స్క్రూడ్రైవర్ తిప్పి మొనతో నొక్కితే ఉడికిన చేమదుంపలోకి దిగినట్టు పిడిదాకా దిగిపోయింది.

“ఇది పైన పూసే పని కాదు బాబూ, లోపల కోసే పని,” అన్నాడాయన.

ఈ అధ్యాయమంతా ఆ ఒక్కమాటకు వివరణ అనుకోవచ్చు.

గోదావరి కొలిమిలో విడిపోయినవి

ఇనుము భూమి మీద ఇనుముగా దొరకడం చాలా అరుదు. ఆకాశం నుంచి ఉల్కలతో పడ్డది తప్పితే, మనకు దొరికేదంతా మట్టీ రాయీ రూపంలోనే. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల్లో తవ్వే ఎర్రరాయిలో ఇనుము, ఆక్సిజన్ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ రాయిని విశాఖ రేవులో జపాన్ ఓడలకెక్కించడం కోసమే 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. అరకు వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే ఎదురయ్యే ఎర్రటి గూడ్సు పెట్టెల్లో ఉండేది అదే. విశాఖ ఉక్కు కర్మాగారానికి వచ్చేదీ ఆ కొండల రాయే. అక్కడ మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ముచ్చటైన పేర్లు పెట్టారు. కోక్ బొగ్గుతో కలిపి ఆ రాయిని వాటిలో పోస్తారు. బొగ్గులోని కార్బన్ ఆక్సిజన్‌ను లాక్కుపోతుంది. 1500 డిగ్రీల దగ్గర ఇనుము కరిగి అడుగుకు చేరుతుంది.

అంత బొగ్గు తగలబెడితే గానీ ఆ రెండూ విడిపోలేదు. ఇలా విడదీసిన ఇనుము, కొండ మీదికి మోసుకెళ్లి నిలబెట్టిన బండరాయి లాంటిది. కదలకుండా ఉన్నట్టే ఉంటుంది. దారి దొరికితే దొర్లుతుంది. ఇనుముకు దొరికే ఆ దారి పేరే తుప్పు. తుప్పు పట్టడమంటే ఇనుము మళ్లీ ఆక్సిజన్‌తో కలిసి, వెంట కొంచెం నీటిని కూడా చేర్చుకుని, తన పుట్టిల్లయిన మట్టి రూపానికి వెళ్లిపోవడం. మేస్త్రి డోరు అంచులోంచి అరచేతిలోకి రాల్చిన ఎర్రపొడికీ, కిరండూల్ గూడ్సులోని ఎర్రపొడికీ చాలా దగ్గరి చుట్టరికం ఉంది.

మరి కొలిమిలో ఖర్చుపెట్టిన వేడి ఏమైంది? ఇనుము తుప్పు పట్టేటప్పుడు ఆ వేడి తిరిగొస్తుంది. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది కాబట్టి మన చేతికి తెలియదు. మంచుదేశాల్లో ఉన్న మన పిల్లలు చలికాలం జేబుల్లో వేసుకునే వేడిపొట్లాలు చూడండి. వాటిలో ఉండేది మెత్తని ఇనుపరజను, ఉప్పు, కాస్త తడి. పైకవరు చించి గాలి తగలనిస్తే ఆ రజను గబగబా తుప్పు పడుతూ గంటలపాటు వెచ్చగా ఉంటుంది. పాత వ్యానులో ఏళ్లూ పూళ్లూ పట్టే పని ఆ పొట్లంలో ఒక్కపూటలో జరిగిపోతుంది.

ఒక్క నీటిబొట్టు కింద

బడిలో మూడు గాజుగొట్టాలు, మూడు మేకుల ప్రయోగం గుర్తుందా? ఒకదానిలో గాలి ఉంది, తేమ లేదు. ఇంకోదానిలో మరిగించి గాలి తీసేసిన నీళ్లు, పైన నూనెపొర. మూడోదానిలో మామూలు నీళ్లు, మామూలు గాలి. తుప్పు పట్టింది మూడోదానిలోనే. నీరూ గాలీ రెండూ ఉంటేనే తుప్పు అని నేర్చుకుని పరీక్ష రాసి వచ్చాం. అది నిజమే. కానీ వ్యాను బాగుచేయడానికి ఆ నిజం చాలదు. అసలు సంగతి దాని తర్వాతి మెట్టులో ఉంది.

తుప్పు ఒక చిన్న టార్చి సెల్లు లాంటిది. తడిసిన రేకు మీద ఒకచోట ఇనుప పరమాణువు తన దగ్గరున్న రెండు ఎలక్ట్రాన్లను రేకులోనే వదిలేసి నీటిలోకి దిగిపోతుంది. వదిలేసిన ఎలక్ట్రాన్లు రేకు వెంబడే నడిచి మరోచోటికి వెళ్లి, అక్కడ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌కు అందుతాయి. ఒకటి ఇచ్చేచోటు, ఒకటి పుచ్చుకునేచోటు. శాస్త్రం వీటిని యానోడ్, కాథోడ్ అంటుంది. రెండూ ఒకే రేకు మీద, వెంట్రుకవాసి దూరంలో ఉండవచ్చు, జానెడు దూరంలోనూ ఉండవచ్చు. ఇనుము అరిగిపోయేది ఇచ్చేచోట మాత్రమే.

ఇచ్చేచోటు ఏదవుతుంది, పుచ్చుకునేచోటు ఏదవుతుంది? కేంబ్రిడ్జిలో యూలిక్ రిచర్డ్‌సన్ ఈవాన్స్ 1920లలో దీనికి చాలా అందమైన జవాబు చూపించాడు. శుభ్రం చేసిన ఉక్కుపలక మీద ఒకే ఒక్క ఉప్పునీటి బొట్టు వేశాడు. ఇనుము కరిగేచోట నీలంగా, ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు పుచ్చుకునేచోట గులాబీగా మారే రంగుమందులు ఆ బొట్టులో ముందే కలిపాడు. కాసేపటికి బొట్టు నడుమ నీలం తేలింది, అంచు చుట్టూ గులాబీ. ఆ రెంటి మధ్య తుప్పు ఉంగరంలా పేరుకుంది.

దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం. బొట్టు అంచు పలచన కాబట్టి గాలి అక్కడ తేలిగ్గా దిగుతుంది. నడుమ మందం ఎక్కువ, గాలి ఆలస్యంగా చేరుతుంది. గాలి బాగా అందిన అంచు పుచ్చుకునేచోటు అయింది. గాలి అందని నడిబొడ్డు ఇచ్చేచోటు అయింది. అంటే తడిసిన రేకులో ఇనుము గుంట పడేది గాలి ధారాళంగా తగిలే చోట కాదు. గాలి ఆడని మూల, మడత, మాటు, అక్కడ! ఎర్రగా కనిపించే తుప్పు ఒకచోట, ఇనుము పోయేది దాని పక్కచోట.

నాకు ఈ ప్రయోగం గురించి తెలిశాక ఇంట్లోని ఇనుప వస్తువులన్నీ కొత్తగా కనిపించాయి. మెటాడోర్‌ను మళ్లీ చూడండి. డోరు కింద రేకును మడిచి నొక్కిన అంచు, ముందద్దం చుట్టూ బీడింగ్ రబ్బరు కింద సందు, ఫ్లోరు మీద రబ్బరు మ్యాట్ అడుగు, ఒక రేకు మీద ఇంకో రేకు ఎక్కిన అతుకు, చక్రం వంపు లోపల బురద పేరుకున్న మూల. మేస్త్రి స్క్రూడ్రైవర్ దిగిన ప్రతిచోటూ ఈ జాబితాలో ఉంది. ఎండా వానా నేరుగా తగిలే బయటి పలకలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

తుప్పుకు మరో చెడ్డ గుణం ఉంది. పోయిన ఇనుముకన్నా పుట్టిన తుప్పు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సుమారు రెండు నుంచి ఆరు రెట్లు. అందుకే పెయింట్ కింద బొబ్బ లేస్తుంది, అతుకుల మధ్య తుప్పు ఉబ్బి రేకుల్ని విడదీస్తుంది. పైగా అది గట్టి పొర కాదు, స్పంజి లాంటిది. నీటిని పట్టి ఉంచుతుంది. అల్యూమినియం గిన్నెకూ ఆక్సైడు పొర పడుతుంది గానీ, ఆ పొర పలచగా, సందు లేకుండా అతుక్కుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుముకు ఆ భాగ్యం లేదు.

ఇక ఉప్పు. వానాకాలంలో ఉప్పుజాడీ చెమ్మగిల్లడం మన వంటింట్లో అందరికీ తెలిసిందే. శుద్ధమైన వంట ఉప్పు, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు. భీమిలి గాలిలో అంతకన్నా పొడిగా ఉండే గంటలు ఎన్ని ఉంటాయి? అలల తుంపర గాలిలో ఎండి, కంటికి కనిపించని ఉప్పురజనై ఆరేళ్లపాటు ఆ వ్యాను మీదా, సందుల్లోంచి లోపలికీ చేరింది. చేరినచోటల్లా వాన లేకుండానే తడి తెచ్చిపెట్టింది. ఆ తడిలో కరెంటు చక్కగా నడవడానికీ ఉప్పే తోడ్పడింది. మిషిగన్‌లోనూ ఒహాయోలోనూ పాత వ్యాన్లు నడుము కింద చిల్లులు పడేది ఈ కారణంతోనే. అక్కడ సముద్రం లేదు, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుంది.

అందుకని బీచి ఊళ్లలో బండి ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఒకటే. వారానికోసారి బండి అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడగండి. పై పాలిష్ కన్నా ఆ పైపు నీళ్లకే విలువ ఎక్కువ.

లప్పం కింద

మరుసటి రోజు మేస్త్రి గ్రైండరుకు వైరుబ్రష్షు బిగించి డోరు అంచు మీద పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. ముందు తెల్లని పెయింట్ పొడై ఎగిరింది. దాని కింద బూడిదరంగు లప్పం, చిటికెనవేలు మందాన. లప్పం పెచ్చుగా ఊడితే దాని వెనక మడిచి కూరిన దినపత్రిక కాగితం. కాగితం చేతికి తడిగా తగిలింది. దాని వెనక పొరలు పొరలుగా, పాత పుస్తకం అంచులా విచ్చుకున్న తుప్పు. ఆ తర్వాత ఏమీ లేదు, అరచేయి పట్టేంత రంధ్రం.

మనం మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఆ రంధ్రంలో ఉంది. అంతకుముందు బాగుచేసినవాళ్లు తుప్పును తీయలేదు, కప్పారు. లప్పం పాలిష్టరు జిగురులో సుద్దలాంటి పొడి కలిపిన ముద్ద. సొట్టలు సమం చేయడానికి మంచిది. కానీ అది తేమను పీలుస్తుంది. ఉప్పు నిండిన తడి తుప్పు మీద దాన్ని పెడితే ఏమవుతుందో ఈవాన్స్ బొట్టును తలుచుకుంటే తెలుస్తుంది. లోపల తడి ఉంది, ఉప్పు ఉంది, గాలి అందదు. పక్కనే గాలి అందే రేకు ఉంది. ఇచ్చేచోటును మనమే తయారుచేసి, మూత పెట్టి, పైన రంగు వేసినట్టు. రెండేళ్లకు అదే చోట లేచిందంటే, అసలు అది అక్కడినుంచి ఎప్పుడూ వెళ్లలేదని అర్థం.

మేస్త్రి పద్ధతి వేరు. తుప్పు అయిపోయినచోట ఆగలేదు, దాని చుట్టూ మెరిసే రేకు తగిలేదాకా కోశాడు. నేను అడిగింది ఒక్కటే: ప్రైమరుకు ముందు ఆ చోటంతా మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, బాగా ఆరబెట్టమన్నాను. ఇనుమును నీళ్లతో కడగడమేమిటని ఆయన సందేహించాడు. గుంటల అడుగున దాక్కున్న ఉప్పు గ్రైండరుకు అందదు, ఎమరీ కాగితానికీ అందదు. నీటిలోనే కరుగుతుంది. ఆ ఉప్పు రవంత మిగిలినా పెయింట్ కింద మళ్లీ తేమను పిలుస్తుంది. వివరంగా చెబితే ఆయనకు వెంటనే నచ్చింది. “మా నాయన పడవలు బాగుచేసేవాడు, ఆయనా ముందు మంచినీళ్లు కొట్టేవాడు,” అన్నాడు.

తర్వాత 20 గేజు షీటు, అంటే మిల్లీమీటరుకు కాస్త తక్కువ మందం, కొలతకు కత్తిరించి సీఓటూ వెల్డింగుతో అతికాడు. బ్యాటరీ తీసి, డీజిలు ట్యాంకు దింపి పక్కన పెట్టాకే మంట ముట్టించాడు. పలచని రేకుకు ఒకేసారి గీతలా వెల్డింగు పెడితే వేడికి మెలితిరుగుతుంది. అందుకని ఇక్కడొక చుక్క, జానెడు అవతల ఒక చుక్క, మళ్లీ మధ్యలో ఒకటి. మంచి టైలరు పొడవు కుట్టుకు ముందు అక్కడక్కడ టాకాలు వేసినట్టు.

వెల్డింగు విషయంలో చాలామంది చూడనిది ఒకటుంది. ముందువైపు అతుకు చక్కగా ఉంటుంది. అదే వేడికి రేకు వెనకవైపు ఉన్న పెయింట్ మాడి రాలిపోతుంది. అక్కడ ఇనుము వట్టి ఒంటితో ఉంటుంది. డోరు లోపల, పెట్టెలా మూసుకున్న భాగాల లోపల, బ్రష్షు పోదు. కాబట్టి చిన్న గొట్టం దూర్చి మైనం లాంటి ద్రవం పిచికారీ చేయాలి. అది సందుల్లోకి పాకి, తడిని తోసేసి, పొరలా గడ్డకడుతుంది. వాడేసిన ఇంజినాయిలు కొట్టే అలవాటు మన దగ్గర ఉంది. నూనె నీటిని తోస్తుంది కాబట్టి కొంతవరకు పనిచేస్తుంది గానీ, రబ్బరు బుష్షుల్ని ఉబ్బిస్తుంది, కారి నేలనూ నీళ్లనూ పాడుచేస్తుంది. నేను వద్దనే అంటాను.

పెయింట్ అసలు ఏం చేస్తుంది? మీ ఇంట్లో దోసెల పెనం ఉంటే మీకు తెలుసు. కొత్త ఇనుప పెనానికి నూనె రాసి, కాల్చి, మళ్లీ రాసి, మళ్లీ కాలిస్తే నల్లగా నున్నగా ఒక పొర పడుతుంది. వేడికి నూనె అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడ్డ పొర అది. పెయింట్ కూడా ఆ జాతిదే. ఇనుముకూ, తేమకూ ఉప్పుకూ మధ్య అడ్డుపొర. పెనాన్ని సబ్బుపెట్టి బరబరా తోమితే ఆ పొర పోయి మర్నాటికి ఎర్రబడుతుంది. పెయింట్ మీద రాయి తగిలి చెక్కు లేస్తే జరిగేదీ అదే.

మేస్త్రి వేసిన ప్రైమరు రెడ్ ఆక్సైడు. దాని ఎరుపు ఎక్కడిదో చెబితే మా తోడల్లుడు నమ్మలేదు. అది ఇనుము, ఆక్సిజన్ కలిసిన పొడి. మట్టిగోడలకు పూసే జాజు, పాత ఇళ్లలో ఎర్రగా మెరిసే గచ్చు, బైలదిల్లా రాయి, అన్నిటి రంగూ దానిదే. అది ఇప్పటికే పుట్టింటికి చేరిపోయిన ఇనుము. ఇక మారేందుకు ఏమీ లేదు కాబట్టి కదలకుండా అడ్డుగా నిలుస్తుంది.

డోరు పని ముగిసేముందు మేస్త్రి ఒక సన్నని తీగ తీసుకుని కింది అంచులో పొడిచాడు. బండి తయారుచేసినవాళ్లు డోరు అడుగున కావాలనే రంధ్రాలు పెడతారు. అద్దం మీద పడ్డ వాన రబ్బరు సందుల్లోంచి డోరు లోపలికి దిగక తప్పదు, ఆ నీరు పోవడానికి దారి అది. పాత లప్పం ఆ రంధ్రాల్ని పూడ్చేసింది. కోయని రెండో డోరుకు తీగ దిగగానే గోధుమరంగు నీళ్లు కారడం మొదలై, కింద పెట్టిన టీగ్లాసు నిండింది. నెలల తరబడి అవి అక్కడే ఉన్నాయి.

కరక్కాయ నీళ్లు, ఢిల్లీ స్తంభం

కోసి తీయలేని చోట్లుంటాయి. ఛాసిస్ మీద పైపైన పట్టిన గట్టి తుప్పు, బోల్టుల చుట్టూ మిగిలిన పొర. వీటికి దుకాణాల్లో తుప్పును మార్చే మందు అమ్ముతారు. బ్రష్షుతో పూస్తే ఎర్రతుప్పు కాసేపట్లో నీలినలుపు తిరుగుతుంది. చూసినవాళ్లకు ఇంద్రజాలంలా ఉంటుంది గానీ, మన శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు తరతరాలుగా చేస్తున్నది ఇదే రసాయనం.

వాళ్లు గుడ్డను ముందు కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరవేస్తారు. ఇంకోపక్క తుప్పుపట్టిన ఇనుపముక్కల్ని బెల్లం నీళ్లలో కొన్ని వారాలు పులియబెడతారు. ఆ ద్రావణంలో కలం ముంచి గుడ్డ మీద గీత గీస్తే, గీత అక్కడికక్కడే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు పదార్థం, టానిన్, ఇనుముతో కలిసి నీటిలో కరగని నల్లని పదార్థంగా మారడం వల్ల అలా జరుగుతుంది. తుప్పు మందుల్లో చాలావాటిలో ఉండేది ఆ టానిన్ జాతి ఆమ్లమే. స్పంజిలాంటి తుప్పును, కదలని నల్లపొరగా మారుస్తుంది.

మరికొన్నింటిలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. అది ఇనుముతో కలిసి ఫాస్ఫేటు పొర కడుతుంది. ఈ మాట వినగానే నాకు ఢిల్లీలో కుతుబ్ మీనార్ పక్కనున్న ఇనుప స్తంభం గుర్తొస్తుంది. సుమారు 1600 ఏళ్లనాటిది, ఏడు మీటర్లకు పైగా పొడవు, ఆరు టన్నులకు పైగా బరువు. ఆనాటి కమ్మరులు బొగ్గుతో తీసిన ఆ ఇనుములో ఫాస్ఫరస్ ఇప్పటి ఉక్కులో ఉండేదానికన్నా చాలా ఎక్కువ. ఐఐటీ కాన్పూర్‌లో ఆర్. బాలసుబ్రమణ్యం ఏళ్లతరబడి ఆ స్తంభాన్ని పరిశీలించి, ఆ ఫాస్ఫరస్ వల్ల ఇనుము మీద పలచని రక్షణపొర ఏర్పడిందని వివరించారు. ఎండావానల్లో తడిసి ఆరి, తడిసి ఆరి ఆ పొర బిగిసింది. ఢిల్లీ పొడిగాలి కూడా దానికి తోడ్పడింది. ఆ స్తంభాన్ని మన సముద్రం ఒడ్డున పెట్టి ఉంటే ఇంత చక్కగా మిగిలేది కాదు.

మందుకు పరిమితి ఉంది. పెచ్చులుగా ఊడే తుప్పు మీద, ఉప్పు నిండిన తుప్పు మీద ఇది పైన మాత్రమే నల్లబరుస్తుంది. అడుగున పని సాగుతూనే ఉంటుంది. ముందు గీకాలి, కడగాలి, ఆరాలి, అప్పుడే పూయాలి. మందు మీద ప్రైమరు, దాని మీద పెయింట్ తప్పవు.

మంచమూ పొయ్యీ ఎక్కాక

సామాన్లు మోసే వ్యాను బయటి తడితో తుప్పు పడుతుంది. మనుషులు పడుకునే వ్యానుకు లోపలి తడి కూడా తోడవుతుంది. క్యాంపర్ వ్యాను బాగుచేసేవాళ్లు చాలామంది ఈ మాట ఆలోచించరు.

నిద్రపోయే మనిషి ఊపిరితోనూ చర్మంతోనూ రాత్రికి పావులీటరు దాకా నీటిని గాలిలోకి వదులుతాడు. ఇద్దరైతే అర లీటరు. పొయ్యి సంగతి ఇంకా ఆశ్చర్యం. కిలో వంటగ్యాసు మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. గ్యాసులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది కాబట్టి. అన్నం గిన్నె ఆవిరి దీనికి అదనం. లంబసింగి చలిలో తలుపులన్నీ బిగించి పడుకుంటే ఈ ఆవిరంతా చల్లబడ్డ రేకు మీద, చల్లనీళ్ల చెంబు బయట పట్టినట్టు చెమ్మగా పడుతుంది. చెక్కపలకల వెనక, దూది లాంటి గ్లాస్‌వూల్ వెనక, ఎవరికీ కనిపించకుండా కిందికి జారుతుంది. గాలి ఆడని మూలకు చేరుతుంది.

అందుకని గోడలకు నీరు పీల్చని నురుగుషీటును ఎక్కడా సందు లేకుండా రేకుకే అతికించాం. పొయ్యి దగ్గర కింద ఒక గాలిరంధ్రం, కప్పులో ఒకటి. కిందిది మరో కారణానికి కూడా అవసరం: వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. చలికి వెచ్చదనం కోసం పొయ్యి వెలిగించి పడుకోవడం మాత్రం ఎన్నటికీ చేయకూడదు. మూసిన బండిలో కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండా ప్రాణం తీస్తుంది. బండిని ఇలా మార్చాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఈ విషయమే చెబుతుంది. ఆ కాగితాలు ముందే చూసుకోవాలి.

అల్మరాకు అల్యూమినియం ఫ్రేము, దానికి స్టెయిన్‌లెస్ స్క్రూలు, అన్నీ ఉక్కు ఫ్లోరుకు బిగించాలి. ఇక్కడ ఒక ఓడ కథ చెప్పాలి. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలార్మ్ అనే ఓడ అడుగుకు రాగిరేకులు తాపింది, పురుగులు చెక్కను తొలచకుండా. రెండేళ్లకు ఒడ్డుకు చేర్చి చూస్తే రాగి బాగానే ఉంది, దాన్ని పట్టి ఉంచిన ఇనుపమేకులు మాత్రం పేస్టులా అయిపోయాయి. కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. రాగిరేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితాన్ని అక్కడ పూర్తిగా తీయలేదట. ఆ కాగితం రాగికీ ఇనుముకూ మధ్య మిగిలిపోయింది. రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉప్పునీటిలో మునిగితే టార్చి సెల్లు తయారవుతుంది. అందులో ఎలక్ట్రాన్లు తేలిగ్గా వదిలే లోహం అరిగిపోతుంది. మధ్యలో కాగితమంత అడ్డున్నా ఆ సెల్లు పనిచేయదు. మా తోడల్లుడు ప్రతి బోల్టు కిందా రబ్బరు వాషరు వేశాడు.

ఈ గుణాన్నే మేలుకు వాడుకోవచ్చు. జింకు, ఇనుముకన్నా తేలిగ్గా ఎలక్ట్రాన్లు వదులుతుంది. రేకు మీద జింకు పూత ఉంటే, గీత పడినా ముందు జింకు అరుగుతుంది, ఇనుము ఆగుతుంది. ఫ్రాన్స్‌లో సోరెల్ 1837లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. మన ఇంటి జీఐ బకెట్టు, జీఐ పైపు ఆ వంశానివే. వ్యాను అడుగుభాగానికి కొత్త అతుకుల మీద మేస్త్రి జింకు కలిసిన ప్రైమరే వేశాడు.

జనవరిలో బండి శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కింది. నేనూ వెళ్లాను. అరకులో తెల్లవారి లేచేసరికి అద్దాల లోపలివైపు నిండా నీటిముత్యాలు. మా తోడల్లుడు పాత తువ్వాలుతో తుడిచి, బయటికెళ్లి పిండాడు. అంతకుముందు రోజు ఘాట్‌లో వాన దంచికొట్టింది. అతను టార్చి పట్టుకుని డోరు కింద నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. “రా అన్నయ్యా, చూడు,” అని పిలిచాడు. మేస్త్రి తీగతో తెరిచిన రంధ్రం అంచున ఒక బొట్టు వేలాడుతోంది. వేలు పెట్టి అందుకుని, వెలుగులో పట్టి చూపించాడు. నీళ్లు తేటగా ఉన్నాయి.